గృహరక్షణము: పొగ పైకి, గ్యాసు క్రిందికి



మహాభారతమునందలి లక్కయింటి కథ మనమందఱము చిన్ననాటనే విన్నాము. వారణావతమున తమకొఱకు కట్టిన క్రొత్త మందిరములో పాండవులు అడుగుపెట్టినప్పుడు కంటికి దోషమేదియు కానరాలేదు. ధర్మరాజు మాత్రము నేతివాసనను, లక్కవాసనను పసిగట్టి, ఇది నిప్పు తగిలినంతనే మండిపోవు కొంపయని భీమునితో చెప్పెను. అటుపిమ్మట వారు లోపలినుండి బయటకు సొరంగము త్రవ్వించి సిద్ధముగా నుంచుకొనిరి. మొదట వాసనచేత కనిపెట్టుట, పిదప తప్పుకొను దారి నెఱిగియుండుట: ఈ రెండింటివలన తల్లితో కూడ వారు బ్రతికి బయటపడిరి. ఈనాడు గ్యాసుబండ లేని వంటయిల్లు అరుదు. ఆ బండ యున్న ప్రతి యింటను గృహిణికి కావలసిన తెలివియు ఇదియే.

ఈ మాసమున ఈ సంగతి నెత్తుకొనుటకు ఒక పాఠకురాలి యుత్తరము కారణము. వారి బంధువులును, ఇరుగుపొరుగువారును కలిసి నలువదిమంది ఒక బస్సు మాట్లాడుకొని కాశీ, ప్రయాగ, గయ యాత్రకు బయలుదేరనున్నారట. వంటవాండ్రు వెంట వత్తురట. రెండు గ్యాసుబండలను బస్సులోనే వెనుకనున్న సామాను అఱలో పెట్టుకొని పోవుదురట. "ఇది క్షేమమేనా? మామగారు పెద్దలతో మాట్లాడి చేసిన యేర్పాటు. కోడలినగు నేను ఏమని చెప్పగలను?" అని ఆమె యడిగినది. మొదటి ప్రశ్నకు ఒక్కమాటలో సమాధానము: క్షేమము కాదు. రెండవ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు ముందు, ఏల క్షేమము కాదో మనము తెలిసికొనవలెను. కారణము తెలిసిన మాటకే పెద్దలయొద్ద విలువ కలుగును.

మన తల్లులకు, అమ్మమ్మలకు నిప్పును గూర్చి తెలియనిది లేదు. కట్టెపొయ్యి, కుంపటి, పొట్టుపొయ్యి, కిరసనాయిలు పొయ్యి, అన్నియు వారి చేతిలో మెలగినవే. అయితే వారి తెలివి అంతయు పొగనుబట్టి యేర్పడినది. పొగ పైకి పోవును. అందుచేత మన పాతయిండ్లలో వంటయింటికి పైన పొగగూడు, గోడకు ఎత్తున గవాక్షము కట్టిరి. బండలోని గ్యాసు స్వభావము దీనికి విరుద్ధము. అది గాలికంటె ఒకటిన్నర రెట్లు మొదలు రెండురెట్లవఱకు బరువైనది. కారినది కారినట్లే క్రిందికి జాఱి, నేలబారున నీటివలె ప్రాకి, గుంటలలోను, మూలలలోను, మంచముల క్రిందను, తూములలోను నిలిచిపోవును. ఎత్తుననున్న కిటికీని తెఱచి నిశ్చింతగా నుండువారు పొగకు దారి యిచ్చినవారే గాని గ్యాసునకు దారి యిచ్చినవారు కారు. ఈ వ్యాసమున నేను చెప్పబోవు జాగ్రత్తలలో చాలవఱకు ఈ యొక్క సంగతినుండియే పుట్టినవి.

ఈ మార్పు మన యిండ్లలోనికి వచ్చి యెన్నియో తరములు కాలేదు. ఇండేను సంస్థవారు మొదటి బండను కలకత్తాలో ఇచ్చినది 1965 అక్టోబరులో. ఆంధ్రదేశమున పేద స్త్రీలకు దీపము పథకముక్రింద గ్యాసు కనెక్షన్లు ఇచ్చుట 1999లో మొదలయ్యెను. దేశమంతటికిని ఉజ్జ్వల పథకము 2016 మే నెలలో వచ్చెను. బండ వచ్చినంత వేగముగా దానిని గూర్చిన తెలివి రాలేదు.

ఇక దాని బలమెంతయో చూతము. బండలో నున్నది ప్రొపేను, బ్యూటేను అను వాయువుల మిశ్రమము. ఒత్తిడిచేత దానిని ద్రవముగా చేసి నింపుదురు. మన యింటి బండలో 14.2 కిలోలు పట్టును. హోటళ్లవారు, వంటవాండ్రు వాడు పెద్దబండలో 19 కిలోలు. ఆ ద్రవము బయటపడినప్పుడు సుమారు 250 రెట్లు వ్యాపించి వాయువగును. గాలిలో నూటికి రెండువంతులు చేరెనా, నిప్పురవ్వకు అంటుకొనుటకు అది చాలును. ఒక పెద్ద బస్సులోపల 60 ఘనపుమీటర్ల గాలి యున్నదనుకొందము. దానిలో నూటికి రెండువంతులనగా 1.2 ఘనపుమీటర్లు. లెక్కవేసినచో ఇది రెండున్నర, మూడు కిలోల గ్యాసు మాత్రమే. అనగా 19 కిలోల బండలో ఆఱవవంతు కారినను బస్సంతయు మండుటకు సిద్ధమగును. అది సమానముగా కలియక నేలబారున నిలుచును గనుక, నిజమునకు అంతకంటె తక్కువయే చాలును.

గ్యాసునకు స్వతస్సిద్ధముగా వాసన లేదు. మనకు తగులు ఆ కుళ్లిన క్యాబేజీ వంటి వాసన ఇథైల్ మెర్కాప్టాను అను ద్రవ్యమును కావలెనని కలుపుటచేత వచ్చినది. వాయువులకు వాసన కలుపుట చట్టమగుటకు వెనుక ఒక దుఃఖగాథ కలదు. అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున న్యూ లండన్ అను చిన్న ఊరిలో ఒక పాఠశాల యుండెను. అచట వాడినది వాసనలేని సహజవాయువు. అది కారి కట్టడము నేలక్రింది ఖాళీలో నిండినను ఎవ్వరికిని తెలియలేదు. 1937 మార్చి 18వ తేదీన పనులు నేర్పు గదిలో ఒక ఉపాధ్యాయుడు కఱ్ఱను నునుపుచేయు విద్యుద్యంత్రమునకు స్విచ్చి వేసెను. ఆ రవ్వతో బడి కూలిపోయి, సుమారు మూడువందలమంది పిల్లలును ఉపాధ్యాయులును మరణించిరి. అటుపిమ్మట టెక్సాసువారు వాయువునకు వాసన కలుపవలెనని శాసనము చేసిరి. ఆ పద్ధతి ఇతర దేశములకును వ్యాపించినది. ఉపాధ్యాయుని యింట కాపురము చేయు నాకు ఆ కథ చదివినప్పుడెల్ల గుండె చెఱువగును. మన ముక్కునకు నేడు తగులు దుర్వాసన ఆ పసిపిల్లల ప్రాణములతో కొన్న హెచ్చరిక. దానిని "ఏదో వాసనలే" యని త్రోసివేయరాదు.

అయితే ముక్కును మాత్రమే నమ్ముకొనుటయు చాలదు. జలుబు చేసినవారికి, వృద్ధులకు వాసన సరిగా తెలియదు. అదే గదిలో కొంతసేపున్నచో ముక్కు అలవాటుపడి వాసనయే లేదనిపించును. ఇంగువ పోపు వేసినప్పుడు, సాంబ్రాణి వేసినప్పుడు, అగరువత్తులు వెలిగించినప్పుడు సన్నని వాసన మఱుగుపడును. కావున బయటనుండి యింటిలోనికి వచ్చినవారు "వాసన వచ్చుచున్నది" యన్నచో, ఇంటనున్నవారు వాదింపక వెంటనే చూడవలెను. అనుమానము కలిగినప్పుడు ముక్కు ఎత్తి పైగాలిని గాక, వంగి నేలకు దగ్గఱగా వాసన చూడవలెను. గ్యాసును కనిపెట్టి మ్రోగు యంత్రములు ఇప్పుడు దొరకుచున్నవి. కొన్నవారు దానిని గోడపైన గడియారమువలె తగిలింపక, నేలకు అడుగులోపు ఎత్తున అమర్పవలెను. హైదరాబాదు, విజయవాడ వంటి నగరములలో కొన్ని యిండ్లకు గొట్టముల ద్వారా వచ్చు సహజవాయువు మాత్రము గాలికంటె తేలిక; అది పైకి పోవును. వారి యంత్రము పైకప్పునకు దగ్గఱగా నుండవలెను. ఇరువురు సోదరీమణులు ఒకరినిచూచి ఒకరు అమర్చుకొనకుండుటకై ఈ భేదమును చెప్పితిని.

గ్యాసు కారు తావులు నాలుగు. బండ మూతి యొకటి, దానిపై బిగించు రెగ్యులేటరు రెండు, రబ్బరు గొట్టము మూడు, పొయ్యి చెవులు నాలుగు. క్రొత్తబండ వచ్చిననాడే మొదటిదానిని చూచుకొనవలెను. సీలు సరిగా నున్నదా యని చూచి, తెచ్చినవాని యెదుటనే మూత తీయింపుడు. లోపలనున్న నల్లని వాషరు చినిగియున్నను, లేకున్నను బండను పుచ్చుకొనరాదు. బండ పైవలయమును నిలబెట్టు పట్టీలలో ఒకదాని లోపలివైపు ఒక అక్షరమును, రెండంకెలును వ్రాసియుండును. ఎ అనగా మార్చి, బి జూన్, సి సెప్టెంబరు, డి డిసెంబరు నెలలవఱకు; అంకెలు సంవత్సరమును తెలుపును. డి 27 అన్నచో 2027 డిసెంబరు లోపల ఆ బండను మఱల పరీక్షింపవలెనని యర్థము. గడువు దాటినదానిని త్రిప్పి పంపుట మన హక్కు. తెచ్చినవాడు తొందరపడినను మనము తొందరపడరాదు.

రబ్బరు గొట్టమును గూర్చి మన యిండ్లలో ఉపేక్ష మెండు. లోపల ఉక్కుతీగ అల్లిన గట్టి గొట్టమును గ్యాసు పంపిణీదారులయొద్దనే తీసికొని, ఐదేండ్లకొకసారి తప్పక మార్పవలెను. పగుళ్లు కనబడినచో, ఎలుక కొఱికినచో, ఆ దినముననే మార్పవలెను. గొట్టము మీటరున్నరకు మించి పొడవుండరాదు. గోడలోనుండి గాని, పొయ్యి వెనుక వేడి తగులునట్లు గాని పోనీయరాదు. అందము కొఱకు దానికి గుడ్డ తొడుగుట మంచిది కాదు. తొడుగు క్రింద పగులు కనబడదు. ఒక బండనుండి రెండు పొయ్యిలకు గొట్టములు కలుపుటయు తగదు.

పరీక్ష చేయుటకు సబ్బునీటిని మించిన సాధనము లేదు. గిన్నెలో కొంచెము నీరు పోసి చిక్కగా నురుగు వచ్చునట్లు సబ్బు కలుపవలెను. ఇంటిలో దీపము గాని నిప్పు గాని లేకుండ చూచుకొని, పొయ్యి చెవులు కట్టివేసి, రెగ్యులేటరు తెఱచి, ఆ నురుగును గుడ్డతో గాని కుంచెతో గాని బండ మూతిచుట్టు, గొట్టము రెండు కొసలందు, పొయ్యి చెవులవద్ద పూయవలెను. బుడగలు పొంగుచున్నచో అచట గ్యాసు కారుచున్నది. వెంటనే రెగ్యులేటరు కట్టివేసి పంపిణీదారునకు చెప్పవలెను. అగ్గిపుల్ల గీచి చూచుట కొందఱు "అనుభవజ్ఞులు" చేయు పని. దొంగ యున్నాడా యని చీకటిలో చేయి చాచి అతని కత్తిని వెదకుట యెట్టిదో ఇదియు అట్టిదే. బండ మార్చిన ప్రతిసారి సబ్బునీటి పరీక్ష చేయుట అలవాటైనచో ఐదు నిమిషములు మించి పట్టదు.

బండను ఎల్లప్పుడు నిలువుగా నిలుపవలెను. పడుకోబెట్టినచో వాయువునకు మాఱుగా ద్రవమే గొట్టములోనికి వచ్చును. పొయ్యి బండకంటె ఎత్తున నుండవలెను. అరుగు క్రింద తలుపులు బిగించిన అఱలో బండను దాచువారు, ఆ తలుపు అడుగున గాలి వచ్చి పోవుటకు దారి విడువవలెను. వంటయింటి నుండి పెరటికి గాని వసారాకు గాని గడపవద్ద సందు ఉన్నచో దానిని మూయకుడు. మనకది చీమలదారిగా తోచును గాని గ్యాసునకు అదియే బయటకు పోవు దారి. రాత్రి పరుండబోవునప్పుడు పొయ్యి చెవులు మాత్రము కట్టి ఊరకుండక, రెగ్యులేటరు కూడ కట్టవలెను. తలుపు గడియ వేసినంత నియమముగా ఈ పని జరుగవలెను.

వాసన వచ్చినప్పుడు చేయవలసినదానికి ఒక క్రమము కలదు. పిల్లలకు కూడ నేర్పదగినది కావున మెల్లగా చదువుడు. మొదట, ఏ స్విచ్చియు ముట్టరాదు. వెలుగుచున్న విద్యుద్దీపము నార్పరాదు, ఆఱియున్నది వెలిగింపరాదు. రెండింటను రవ్వ పుట్టును. న్యూ లండన్ బడి కూలినది స్విచ్చి రవ్వచేతనే కదా! దేవుని గూటిలో దీపము వెలుగుచున్నచో దానిని కొండెక్కించుటకు జంకరాదు. ఇంటివారి ప్రాణములు కాచుకొనుటకంటె దేవునికి ప్రియమైన పూజ వేఱొకటి లేదు. పిదప రెగ్యులేటరు కట్టి, తలుపులు, కిటికీలు తెఱచి, అందఱను బయటకు పంపవలెను. రెగ్యులేటరు తీసినను మూతినుండి గ్యాసు వచ్చుచున్నచో, బండతో వచ్చిన మూతను దానిపై గట్టిగా నొక్కి బిగింపవలెను. ఆ మూతను పాఱవేయక బండకే కట్టియుంచుట ఇందుకొఱకే. వాసన ఘాటుగా నున్నచో ఇవేవియు చేయుటకు నిలువక బయటపడుటయే మేలు. ఫోను బయటకు వచ్చిన తరువాతనే తీయవలెను. గ్యాసు కారుటకు 1906 అను సంఖ్యకు రాత్రింబవళ్లు ఎప్పుడైనను చెప్పవచ్చును. నిప్పు అంటుకొన్నచో 101. ఒంటికి కాలినవారికి ఇరువది నిమిషములు చల్లని నీటి ధారపట్టి వైద్యునియొద్దకు కొనిపోవలెను. సిరా, పసుపు, వెన్న పూయరాదు.

ఇప్పుడు యాత్రల మాటకు వత్తును. 2023 ఆగస్టు 26వ తేదీ తెల్లవారుజామున మధురై రైలుస్టేషనువద్ద నిలిపియుంచిన ఒక యాత్రికుల పెట్టెకు నిప్పంటుకొని తొమ్మిదిమంది మరణించిరి. వారు లక్నోనుండి దక్షిణదేశ యాత్రకు వచ్చినవారు. నియమవిరుద్ధముగా గ్యాసుబండను పెట్టెలోనికి తెచ్చుకొనిరనియు, దానివలననే ప్రమాదము కలిగినదనియు రైల్వేవారు తెలిపిరి. రైలులో ఇట్టి వస్తువులను తెచ్చినవారికి 1989 నాటి రైల్వే చట్టములోని 164వ సెక్షను ప్రకారము మూడేండ్లవఱకు కారాగారము విధింపవచ్చును. అయినను శిక్షకు భయపడి మానుటకంటె తెలిసి మానుట మేలు. ఇంట గ్యాసు కారినచో పోవుటకు పెరడున్నది, వీధియున్నది. కదలు బండిలో అందఱును ఒకే పెట్టెలో నుందురు, దారి ఇఱుకు, గతుకులకు బండ కదలి బిగువు సడలును, ఎండకు బండి వేడెక్కును, నిద్రించువారికి వాసన తెలియదు.

విదేశములలో దీనికొఱకు చేసిన యేర్పాటు మనకు పాఠము వంటిది. ఇంగ్లండులో కారు వెనుక తగిలించుకొని పోవు కారవాన్ అను చక్రముల యిల్లు కలదు. అచట స్థిరపడిన మన తెలుగు కుటుంబములవారును సెలవులలో అట్టివానిని అద్దెకు తీసికొనవచ్చును. దానిలో గ్యాసుబండను మనుష్యులుండు భాగమున పెట్టరు. బయటనుండి మాత్రమే తెఱచుటకు వీలైన వేఱు పెట్టెలో నిలువుగా కట్టియుంచి, ఆ పెట్టె అడుగున నేలవైపునకు రంధ్రములు విడుతురు. గ్యాసు కారినచో అది తనంతట తానే బండిక్రిందికి జాఱిపోవును. నివసించు భాగమున నేలయందును గాలిరంధ్రములుండును. చలిగాలి వచ్చుచున్నదని వానిపై తివాచీ పఱచి మూయుట ప్రాణాపాయము. ప్రయాణమున బండ మూతిని కట్టియుంచుట అచటి మంచి యలవాటు. మూసిన గదిలో పొయ్యి మండించినచో కార్బన్ మోనాక్సైడు అను మఱొక విషవాయువు పుట్టును. దానికి వాసన లేదు, తలనొప్పియు మత్తును దాని గుఱుతులు. కావున చలికాచుకొనుటకు బండిలో గాని గుడారములో గాని వంటపొయ్యిని వెలిగించి నిద్రింపరాదు.

ఇక ఉత్తరము వ్రాసిన సోదరికి. అమ్మా! మామగారితో "వలదు" అను మాటతో మొదలుపెట్టవలదు. ముందు అత్తగారితో చెప్పుము. నలువదిమందికి వంట యెట్లు జరుగునో ఆలోచించువారు ఆమెయే. మధురై సంగతి చెప్పుము. బస్సు లెక్క కాగితముపై వేసి చూపుము. పిదప యాత్ర చెడకుండ దారి చూపుము. కాశీలో శ్రీరామ తారక ఆంధ్రాశ్రమము వంటి చోట్ల తెలుగువారికి బసయు భోజనమును కలవు. ప్రయాగ, గయలలోను సత్రములు విచారింపవచ్చును. దారిలో వంట తప్పనిసరియైనచో వంటసామగ్రియు బండలును యాత్రికులు లేని వేఱు సామానుబండిలో పోవలెను. ఆ బండి పైన తెఱపిగా నుండవలెను. రెగ్యులేటరు విప్పి, మూత బిగించి, బండను నిలువుగా కట్టవలెను. "ఇది ఖాళీబండయే" యని దానిని బస్సులోనికి ఎక్కింపనీయకుము. ఖాళీబండలోను కొంత గ్యాసు మిగిలియే యుండును. వంట చేయుచోట గుంట గాని, బస్సు గాని దగ్గఱ లేకుండ చూడుము. ఖర్చు కొంత పెరుగును. నలువదిమంది పంచుకొన్నచో ఒక్కొక్కరికి భారము కాదు.

ఇంత చెప్పినను పెద్దలు వినరేమో యని నీకు సంశయము కలుగవచ్చును. వారు వినకపోయినను అడిగినదానవు నీవని నలుగురికి తెలియును. రెండవమాఱు అడుగుటకు మఱొకరు నీకు తోడు వత్తురు. వంట చేయువారమును, పిల్లలను ప్రక్కలో పరుండబెట్టుకొని నిద్రించువారమును మనమే గనుక, ఈ విషయమున నోరు విప్పుట అవినయము కాదు. యాత్ర నిర్విఘ్నముగా ముగిసి క్షేమముగా వచ్చినపిమ్మట మఱల ఉత్తరము వ్రాయుము.